మైనర్ ఎంపిక: ఇంగ్లీషు, తెలుగు, చరిత్ర

మేజర్ మీ ప్రధాన పాఠ్యవిషయం. మైనర్ దానికి తోడుగా, తక్కువ క్రెడిట్లతో చదివే రెండో విషయం. మైనర్‌ను ఎంచుకునేటప్పుడు "ఏది తేలిక?" అని కాక, "నా మేజర్‌లోని ఏ లోటును ఇది తీరుస్తుంది?" అని ప్రశ్నించుకోండి.

పల్నాటి వీరుల కథను ఉదాహరణగా తీసుకుందాం. చరిత్ర విద్యార్థి కారంపూడి యుద్ధానికి ఆధారాలేమిటని అడుగుతాడు. తెలుగు విద్యార్థి శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపదను, గాయకులు పాడే కథను పోల్చి చూస్తాడు. జీన్ రోఘైర్ ఆ గానాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, 1982లో 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు'గా ప్రచురించారు. ఆ పనికి ఒక్క శాస్త్రం చాలదు.

దీన్నిబట్టి మీ ఎంపికను ఇలా ఆలోచించండి:

1. మేజర్ చరిత్ర అయితే ఇంగ్లీషు మైనర్ మేలు. మాచర్ల దగ్గరి నాగార్జునకొండ ప్రాకృత శాసనాలను వోగెల్ పరిష్కరించి, వివరణలతో ప్రచురించింది ఇంగ్లీషులోనే.

2. మేజర్ ఇంగ్లీషు అయితే తెలుగు మైనర్ మేలు. అనువాదకునికి రెండు భాషల మీదా పట్టు ఉండాలి.

3. మైనర్ చదివినంత మాత్రాన ఆ విషయంలో పి.జి.కి గాని, బి.ఇడి. మెథడాలజీకి గాని అర్హత వస్తుందని అనుకోకండి. ప్రవేశ ప్రకటనలోని అర్హతలను ఇప్పుడే చదవండి. డిగ్రీ పూర్తయ్యాక సబ్జెక్టు మార్చుకునే వీలుండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ మేజర్ ఏది? దానిలో మీకు కనిపించిన లోటు ఏమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.