గ్యాసు గీజరు మొరాయించినప్పుడు

మార్గశిరము వచ్చుసరికి బద్వేలులో తెల్లవారుజామున తొట్టినీటిలో చేయి పెట్టలేము. పూర్వము పెరటి పొయ్యిమీద కాగుతో నీళ్లు కాచుకొనెడివారు. కందికట్టె, చెనిక్కాయ పొట్టు, ఏది దొరికిన అది మండెడిది. ఇప్పుడు అనేక గృహములలో స్నానపుగది గోడకు ఒక తెల్లని పెట్టె వ్రేలాడుచున్నది. కొళాయి త్రిప్పగానే లోపల టిక్‌టిక్‌మని నిప్పురవ్వలు పుట్టి, మంట లేచి, కొద్ది క్షణములలో వేడినీరు వచ్చును. ఇదియే గ్యాసు గీజరు.

గీజరు అనునది ఐస్లండు ద్వీపములోని ఒక వేడినీటి బుగ్గ పేరునుండి వచ్చిన మాట. 1868లో లండనులో బెంజమిన్ మాన్ అను రంగుల పనివాడు, గ్యాసుతో అప్పటికప్పుడు నీళ్లు కాచు యంత్రమును నిర్మించి దానికి ఆ పేరు పెట్టినాడు. ఆ యంత్రమునకు పొగగొట్టము లేదు. ఆ లోపము సంగతి తరువాత చెప్పెదను.

శీతల దేశములలో ఇల్లంతటిని వెచ్చబెట్టు గ్యాసు బాయిలరునకును మన గీజరునకును పరిమాణములోనే ప్రధాన భేదము. రెండింటియందును నీరు, గ్యాసు, నిప్పు, గాలి అను నాలుగును సమకూడవలెను. యంత్రము పని చేయనప్పుడు వీటిలో ఏది లోపించినదో వరుసగా విచారించవలెను. మా ఇంటికి వచ్చిన మెకానిక్కు ఒకడు, "సార్, ముందు చెవి పెట్టి వినండి, చెయ్యి తర్వాత పెడుదురు" అన్నాడు. ఇంతకంటె మంచి పద్ధతి నాకు తెలియదు.

కొళాయి త్రిప్పినను టిక్‌టిక్ ధ్వని వినబడకున్నచో బ్యాటరీ ఘటములు నీరసించియుండవచ్చును, లేదా నీటి త్రోపుడు చాలకపోవచ్చును. గీజరు లోపల పలుచని రబ్బరు పొర కలదు. ప్రవహించు నీరు ఆ పొరను నెట్టగా, అది ఒక స్విచ్చిని కదల్చును. 10 మీటర్ల నీటి మట్టము చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము పీడనము కలిగించునని పదవ తరగతి విద్యార్థి ఎరుగును. మిద్దెమీది తొట్టి గీజరునకు 3 మీటర్లు మాత్రమే ఎత్తున ఉన్నచో ఆ పీడనము 0.3 కిలోగ్రాములే. కొన్ని గీజర్లకు ఇది చాలును, కొన్నిటికి చాలదు. కావలసిన కనీస పీడనము పెట్టెమీదనో, దానితో వచ్చిన పుస్తకములోనో చూడవచ్చును. నీరు లోనికి వచ్చు చోట నుండు చిన్న జల్లెడలో ఇసుక చేరినను ఫలితము ఇదే.

రవ్వలు పుట్టినను మంట అంటుకొనకున్నచో గ్యాసు చేరుటలేదన్నమాట. క్రొత్త సిలిండరు తగిలించినప్పుడు గొట్టములోని గాలి తొలగువరకు రెండు మూడు మారులు ప్రయత్నింపవలసియుండును. సిలిండరులో గ్యాసు ద్రవరూపమున నుండి, ఆవిరియై పైకి వచ్చును. గ్రాము ద్రవము ఆవిరియగుటకు సుమారు 85 కాలరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును అది సిలిండరునుండియే గ్రహించును గనుక, ఎడతెగక వాడినప్పుడు సిలిండరు చల్లబడి పీడనము తగ్గును. చలికాలములో, అందును గ్యాసు అడుగంటినప్పుడు, మంట నీరసించుటకు కారణమిది. కొందరు సిలిండరును పండబెట్టెదరు. అట్లు చేసిన ద్రవమే రెగ్యులేటరులోనికి చొరబడి మంట ఒక్కసారిగా ఎగయవచ్చును. దానిని నిలువుగానే ఉంచి, ఇంకొక సిలిండరు తెప్పించుకొనుట మేలు.

మంట వెలిగి నాలుగైదు క్షణములకే ఆరిపోవుట మరియొక రోగము. మంటలో విద్యుదావేశము గల కణములుండుటచేత దానిగుండ అత్యల్పమైన విద్యుత్తు ప్రవహింపగలదు. మంటలో నిలిచిన ఒక లోహపు కడ్డీ ఈ విద్యుత్తును కనిపెట్టి, "మంట ఉన్నది" అని గ్యాసు కవాటమునకు తెలుపుచుండును. కడ్డీకి మసి పట్టినను, అది ప్రక్కకు జరిగినను ఆ వార్త అందదు. వెంటనే కవాటము మూసికొనును. పాత బాయిలర్లలో ఈ కావలి పనిని ఉష్ణయుగ్మము చేసెడిది. రెండు వేరు లోహముల అతుకును వేడి చేసిన విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ కనుగొన్న ధర్మమే దానికి ఆధారము. గ్యాసు కట్టివేసి, పెట్టె చల్లారిన పిమ్మట కడ్డీని సన్నని గరుకు కాగితముతో తుడిపించిన చాలును. ఈ కావలిని తప్పించి మంట నిలుచునట్లు తీగలు కలుపు ఘనులు కూడ కలరు. అట్టివారిని ఇంటిలోనికి రానీయరాదు.

మంట బాగున్నను నీరు వేడెక్కకున్నచో మన బోరునీటినే అనుమానింపవలెను. ఈ నీటిలో కరగియున్న కాల్షియం బైకార్బొనేటు వేడి తగులగానే విడిపోయి సున్నపుపొరగా రాగి గొట్టముల లోపల పేరుకొనును. రాగితో పోల్చిన ఈ పొర ఉష్ణమును వందల రెట్లు తక్కువగా ప్రసరింపజేయును. కాగు అడుగున పట్టిన తెల్లని పెచ్చుపై నిమ్మరసపు చుక్క వేసిన బుసబుస పొంగును. ఉపాధ్యాయులు తరగతిలో చూపదగిన ప్రయోగమిది.

ఇక గాలి సంగతి. పై లోపములన్నియు మనలను చన్నీటి స్నానముతో విడిచిపెట్టును. ఇది అట్లు విడువదు. రెండేండ్ల క్రిందట మా మిత్రుని కుమార్తె స్నానపుగదిలో స్పృహతప్పి పడిపోయినది. తలుపు విరుగగొట్టి ఆరుబయటికి తెచ్చి, ఆసుపత్రికి చేర్చగా బ్రతికినది. అంతకు ముందు నెల రోజులుగా ఆ ఇంటివారికి స్నానము తరువాత తలనొప్పి, తలత్రిప్పుట కలుగుచుండగా పైత్యమనుకొని మజ్జిగ త్రాగుచుండిరి. గీజరు మాత్రము ఏ లోపము లేక పని చేయుచుండెను!

కొంచెము లెక్క వేసి చూతము. నిమిషమునకు 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించుటకు 150 కిలోకాలరీలు కావలెను. గ్రాము గ్యాసు కాలిన సుమారు 11 కిలోకాలరీలు వచ్చును. అందులో ఐదింట నాలుగు వంతులు నీటికి చేరునన్నచో నిమిషమునకు 17 గ్రాముల గ్యాసు కాలును. గ్రాము గ్యాసునకు 15 గ్రాములకు పైగా గాలి కావలెను గనుక నిమిషమునకు దాదాపు 220 లీటర్ల గాలి ఖర్చగును. 20 లీటర్ల బకెట్లు మూడు నిండుటకు 10 నిమిషములు, 2,200 లీటర్ల గాలి. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల గదిలో ఉండు గాలి యంతయు సుమారు 5,400 లీటర్లే!

ఆమ్లజని తగ్గినకొలది గ్యాసు పూర్తిగా కాలక, బొగ్గుపులుసు వాయువునకు మారుగా కార్బన్ మోనాక్సైడు పుట్టుట ఆరంభించును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆమ్లజనికంటె 200 రెట్లకు పైగా బలముగా దీనిని పట్టుకొనును. గ్యాసు కారినప్పుడు మనకు తెలియుటకై కలిపిన మెర్కాప్టను దుర్వాసన మంటలో కాలిపోవును గనుక ఇక్కడ ముక్కు మనకు సాయపడదు. బున్సెన్ దీపమునకు గాలి రంధ్రము మూసినప్పుడు వచ్చు పసుపు మంట గీజరులో కనబడిన వెంటనే దానిని ఆపవలెను. కాని మంట నీలముగా ఉన్నంతమాత్రమున, మూసిన గదిలో నిర్భయముగా ఉండరాదు.

మా మిత్రుడు గీజరును ఊడదీయించి, గాలివాన తగులని చోట వెలుపలి వరండా గోడకు బిగింపజేసి, నీటిగొట్టమును మాత్రమే లోనికి తెచ్చుకొన్నాడు. స్నానపుగది పై కిటికీకి అడ్డుపెట్టిన అట్టను తీసివేసినాడు. గొట్టము పొడుగైనందున వేడినీరు వచ్చుటకు ఇప్పుడు మరికొంత జాప్యమగుచున్నది, అంతే.