శిష్యుని కొఱకు గురువు ప్రార్థన

గురువు శిష్యునకు పాఠము చెప్పుట లోకమెఱిగిన విషయము. శిష్యుడు ఎదుట లేనప్పుడు, అతనికి తెలియకుండ, గురువు అతని కొఱకు చేయగల పని మఱియొకటి కలదు. అది ప్రార్థన. ఈ దేశమున అది క్రొత్త యాచారము కాదు. ఉపనిషత్పాఠమునకు ముందు గురుశిష్యు లిరువురును కలిసి, తమ యుభయులను రక్షింపుమనియు, తమ నడుమ ద్వేషము పుట్టనీయకుమనియు వేడుకొను శాంతిమంత్రము మన విద్యాసంప్రదాయములోనిదే. క్రైస్తవ విద్యాలయములలో ఈ భావము వేఱొక త్రోవను వచ్చినది. 1599లో జెస్యూట్ సభవారు తమ పాఠశాలల కొఱకు వెలువరించిన బోధనా నియమావళిలో, ఉపాధ్యాయుడు తన విద్యార్థుల కొఱకు తఱచుగా దేవుని ప్రార్థింపవలెనన్నది ఒక విధి. పాఠమును సిద్ధము చేసికొనుట యెట్లో ఇదియు నట్లే వృత్తిధర్మమని వారి తలంపు.

కృష్ణా డెల్టాలో ఈ సంప్రదాయమునకు బందరు తొలి రంగస్థలము. చర్చి మిషనరీ సంఘమువారు పంపగా రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఆంగ్లేయు లిద్దరు 1841లో అచ్చటికి వచ్చిరి. ఫాక్సు గ్రామములు తిరిగి బోధింపగా, నోబుల్ 1843లో పాఠశాల తెఱచెను. కాలక్రమమున అదియే నోబుల్ కళాశాల యయ్యెను. నోబుల్ అవివాహితుడు. ఇరువదినాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు పోక, 1865లో బందరులోనే కన్నుమూసెను. అంతకు ముందటి యేడు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, సముద్రము పట్టణముపై బడి దాదాపు ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్న ఉప్పెనను అతడు కన్నులార చూచెను.

అట్టి గురువునకు శిష్యులపై ప్రేమ లేదనుట పొసగదు. కాని ఆ కాలపు ప్రార్థనలో శిష్యుని క్షేమమును, అతని మతాంతరమును విడదీయరాని విధమున పెనవేసికొని యుండెను. 1852లో ఆ పాఠశాల విద్యార్థులు ఐనాల భూషణము, మంచాల రత్నము అనువారు బాప్తిస్మము పొందగానే పట్టణము కలవరపడెను. తలిదండ్రులు పిల్లలను మానిపించిరి, బడి బోసిపోయెను. కొంతకాలము గడచిన పిమ్మటగాని బాలురు మరల రాలేదు. ఆ యువకులిరువురు తమ నిర్ణయముపై నిలిచి, 1864లో గురువులుగా అభిషేకము పొందిరి. వారి నిష్ఠ నిజము. బిడ్డ చేజాఱిపోయెనని విలపించిన తల్లుల దుఃఖమును నిజమే. ఉపాధ్యాయుని ప్రార్థన యెంత నిర్మలమైనను, ఆ ప్రార్థనకు తల్లి భయపడవలసివచ్చినచో, నడుమ నలిగిపోవునది బాలుని మనస్సే యన్న సత్యమును బందరు ఆనాడే చూచినది.

ఈ చిక్కును దాటి మఱియొక మార్గము చూపినవారు ఆ పట్టణముననే 1862లో జన్మించిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. వారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొరకు ప్రియశిష్యులు. నోబుల్ కళాశాలలో బోధించినవారు. పిదప కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులైనవారు. క్రైస్తవ గురువులవద్ద చదివియు వారు క్రైస్తవులు కాలేదు, బ్రాహ్మమతమును స్వీకరించిరి. అయినను గురువు శిష్యుని శీలమును, హృదయమును ఈశ్వరసన్నిధిని తలచుకొనవలెనన్న నియమము వారియందు నిలిచినది. ప్రార్థన మతపు గోడను దాటి, గురుధర్మముగా సాగిన తీరిది.

స్వతంత్ర భారతమున ఆ హద్దును రాజ్యాంగమే గీచినది. ప్రభుత్వ గుర్తింపుగాని, సహాయధనముగాని పొందిన విద్యాలయమున చదువు వారినెవరిని, వారి సమ్మతి లేక, పిన్నలైనచో సంరక్షకుల సమ్మతి లేక, మతబోధకుగాని ఆరాధనకుగాని రమ్మని నిర్బంధింపరాదని 28వ అధికరణము శాసించుచున్నది. విజయవాడలో గుణదల కొండపై 1924లో మేరీమాత ప్రతిమ వెలసినది. జెస్యూట్ గురువుల ఆంధ్ర లొయోలా కళాశాల 1953లో స్థాపితమై మఱుసటి యేడు తరగతులు ప్రారంభించినది. ఫ్రాన్సిస్కను కన్యకల మారిస్ స్టెల్లా కళాశాల 1962లో వెలసినది. ఇట్టి విద్యాలయములలో అన్ని మతముల పిల్లలును కూర్చుందురు. కనుక అచ్చటి క్రైస్తవోపాధ్యాయుని ప్రార్థన విద్యార్థిని తనవైపునకు లాగుకొనుటకు గాక, అతనిని అతనికి నిలిపి యుంచుటకు కావలసియున్నది.

ఆ యవసరము నేడు తీవ్రమైనది. దివిసీమనుండియు, కైకలూరునుండియు, గుడివాడనుండియు పదునైదు పదునాఱేండ్ల పిల్లలు పెట్టె సర్దుకొని విజయవాడ వసతిగృహములకు వచ్చుచున్నారు. తెల్లవాఱకముందే లేచి, రాత్రి ప్రొద్దుపోవువఱకు ప్రవేశపరీక్షలకు చదువుచున్నారు. వారమునకొక పరీక్ష, పరీక్షకొక ర్యాంకు. తండ్రి చేసిన అప్పు బాలుని గుండెపై కూర్చుండును. 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక విద్యార్థిని మరణముపై వచ్చిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమునకంతకు మార్గదర్శక సూత్రములు విధించినది. నూఱుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హతగల మనస్తత్త్వ సలహాదారునొకని నియమింపవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు తరగతులుగా విడదీయరాదనియు అందు కలదు.

ఈ స్థితిలో ప్రార్థన యేమి చేయగలదు? మొదట, అది చేయరాని పనులు తెలియవలెను. పరీక్షల ముందు తరగతి యెదుట నిలిచి, అందఱికిని మొదటి శ్రేణి దయచేయుమని బిగ్గరగా వేడుకొను ఉపాధ్యాయుని యుద్దేశము మంచిదే. కాని తప్పుదునేమోయని వణకుచున్న బాలుడు దానిని వేఱుగా వినును. ఇంటివారే కాదు, దేవుడును తన మార్కులకే యెదురుచూచుచున్నాడని తలచును. విద్యార్థి రహస్యముగా చెప్పుకొన్న బాధను పదిమందిలో ప్రార్థనాంశముగా ప్రకటించుట నమ్మకద్రోహము. విశ్వాసము చాలకనే దిగులు కలిగినదనుట పుండుపై కారము చల్లుట.

బైబిలులో ఏలీయా ప్రవక్త కథ ఉపాధ్యాయులు మరల మరల చదువదగినది. అతడు అలసి, భయపడి, ఎడారిలో ఒక పొదక్రింద కూలబడి, తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. దూత వచ్చి అతనిని మందలింపలేదు, బోధయు చేయలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చి, ప్రయాణము దీర్ఘమని చెప్పి మరల తినిపించెను. మాటలు తరువాతి సంగతి. నిద్రలేని బాలునకు నిద్రయు, తినని బాలికకు అన్నమును మొదటి యుపశమనమని ఆ కథ బోధించుచున్నది.

ఇక ప్రార్థన చేయగల పని యొకటి కలదు. అరువదిమంది తరగతిలో ఉపాధ్యాయునకు చుఱుకైనవారును, అల్లరివారును మాత్రమే గుర్తుండుట సహజము. నడుమ కూర్చుండి మాటాడని పిల్ల అతని కంటికి ఆనదు. హాజరుపట్టీని ఒంటరిగా తెఱచి, ఒక్కొక్క పేరునొద్ద నిలిచి ప్రార్థించువానికి ఆ పేరును దాటిపోవుట కష్టము. ఈమె మొన్నటినుండి యేల మౌనముగా నున్నది? ఇతడు స్నేహితులను విడిచి యేల తిరుగుచున్నాడు? తన పుస్తకములు ఇతరులకేల పంచిపెట్టుచున్నాడు? ప్రార్థన అచ్చట ప్రశ్న యగును. ఆ ప్రశ్న మఱునాటి యుదయమున, పాఠము ముగిసిన పిదప, మెల్లని పలకరింపు కావలెను. చనిపోవలెననిపించుచున్నదా యని సూటిగా అడిగినచో ఆ తలంపు క్రొత్తగా పుట్టునన్నది అపోహ. అడుగుట వలన బాధపడు వాని మనస్సు తేలికపడునని వైద్యులు చెప్పుదురు. పిమ్మట అతనిని ఒంటరిగా విడువక తలిదండ్రులకు, సలహాదారునకు, వైద్యునకు చేర్చవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సహాయకేంద్రము 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా పలుకును, తెలుగునను మాటాడవచ్చును.

విద్యార్థులకును ఇందు ఒక మాట కలదు. సహాయ మడుగుట ఓటమి కాదు. గెత్సేమనే తోటలో యేసు తన హృదయము మరణమగునంతగా దుఃఖించుచున్నదని శిష్యులకు దాచక చెప్పి, తనతో మేలుకొని యుండుడని కోరెను. వారు నిద్రపోయిరి.

ఉపాధ్యాయులు నిద్రపోకుండుటయే ఈ ప్రార్థనకు ఫలము. మోకరించినవాడు లేచి శిష్యుని చెంతకు నడచినప్పుడే అది సార్థకము. తన పేరును ప్రతిదినము తలచువారొకరు కలరన్న సంగతి ఆ బిడ్డకు తెలియకపోవచ్చును. కాని తన ముఖము వాడిన నాడు అది గమనించి ఆగినవారెవరో మాత్రము తప్పక తెలియును.