పాత కారులో నూనె ఒత్తిడి తగ్గినప్పుడు

కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఒక తరం వారికి కారు అంటే అంబాసిడరే. పెండ్లి కొడుకును ఊరేగించినదీ, రాత్రివేళ రోగిని ఆస్పత్రికి చేర్చినదీ ఆ బండియే. బెంగాలులోని ఉత్తరపారాలో దాని తయారీ 2014లో ఆగిపోయినా, వదలలేక పోషించుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. అట్టివారిని తరచు కలవరపెట్టేది ఒక చిన్న ఎర్రదీపం. ఎండలో కొంతదూరం నడిచిన బండి రైల్వే గేటు దగ్గర ఆగి, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది మిణుకుమంటుంది. "ఆయిల్ పంపు పోయింది, మార్చండి" అని ఒకరూ, "చిక్కటి ఆయిల్ పోయండి" అని మరొకరూ చెబుతారు. పరీక్ష చేయకముందే చెప్పే ఈ రెండు మాటలనూ నమ్మరాదు.

పంపు ఒత్తిడిని పుట్టించదు. నూనెను తోస్తుంది, అంతే. దారిలో అడ్డు ఉంటేనే ఒత్తిడి పుడుతుంది. పొలంలో నీటి గొట్టం మూతిని వేలితో అదిమితే నీరు జోరుగా చిమ్మడం మనకు తెలిసినదే. ఇంజనులో ఆ వేలి పని చేసేవి క్రాంకు షాఫ్టు బేరింగులు. షాఫ్టుకూ బేరింగుకూ నడుమ ఉండే సందు తలవెంట్రుక మందమంత కూడ ఉండదు. అరుగుదల వల్ల ఆ సందు రెండింతలైతే, కారిపోయే నూనె సుమారు ఎనిమిదింతలవుతుంది. వేడికి నూనె పలుచబడితే ఇంకా ఎక్కువ. అందుచేత క్రొత్త పంపు వేసినా దీపం ఆరకపోవచ్చు.

బండి వేగంగా పోతున్నప్పుడు దీపం వెలిగితే తక్షణమే ఇంజను ఆపాలి. ఇంటిదాకా పోదామనుకుంటే క్రాంకు షాఫ్టే పోతుంది. సమతలంలో నిలిపి, కొంతసేపాగి నూనె మట్టం చూడాలి. వాసన కూడ చూడాలి. పెట్రోలు పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోలు నూనెలో కలుస్తుంది. అప్పుడు మట్టం పెరిగినట్లు కనిపిస్తుంది గాని నూనె పలుచనవుతుంది.

మట్టం సరిగా ఉంటే దీపాన్నే శంకించాలి. దాని స్విచ్చి విప్పి, అదే రంధ్రంలో ముల్లు గేజి బిగించి, ఇంజను బాగా వేడెక్కిన తర్వాత చూడాలి. నిమిషానికి వేయి చుట్లకు చదరపు అంగుళానికి పది పౌండ్లు ఉండాలన్నది స్థూలమైన లెక్క. గేజి బాగుంటే చెడినది స్విచ్చి మాత్రమే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కగానే పడిపోతే బేరింగుల అరుగుదలను అనుమానించాలి. చల్లనివేళ కూడ ఒత్తిడి లేకుంటే రిలీఫ్ వాల్వు చూడాలి. దానిలో ఇసుక రేణువంత మురికి చిక్కినా నూనె నేరుగా క్రింది సంపులోకి మరలిపోతుంది. అంబాసిడరులో చిరకాలం వాడిన 1489 సి.సి. ఇంజనుకు ఈ వాల్వు బ్లాకు ప్రక్కన బయటనే ఉంటుంది. స్పానరుతో విప్పి కడగవచ్చు. ఇంత సులువైన పని చేయకుండ ఇంజను దింపించడం ధనవ్యయమే.

చిక్కటి నూనె ముల్లును పైకి లేపుతుంది, సందును పూడ్చదు. బండిని అమ్మజూపేవారికి ఈ ఉపాయం బాగా తెలుసు. కనుక పాత కారు కొనేవారు చల్లటి ఇంజనును చూసి బేరం కుదుర్చుకోరాదు. పది మైళ్లు నడిపించి, ఆ తర్వాత దీపం చూడాలి.

ఇవన్నీ చూసినా ఒత్తిడి రాకుంటే, అప్పుడు సంపు దింపాలి. ముందు నూనెను పీల్చే జల్లెడకు మడ్డి పట్టిందేమో చూసి, తర్వాత బేరింగు షెల్లులు విప్పాలి. తెల్లని పూత అరిగి లోపలి రాగిరంగు బయటపడితే షెల్లులు మార్చవలసిందే. షాఫ్టుపై గోటికి తగిలే గాట్లు లేకుంటే ఖర్చు అంతటితో ఆగుతుంది. ఉంటే దానిని గ్రైండింగుకు పంపాలి.