జనరేటర్ బ్రేకర్ దేనికోసం కాచుకుంటుంది?

సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉన్నటువంటి 500 మెగావాట్ల జనరేటర్ నుంచి మామూలుగానే సుమారు 16 వేల ఆంపియర్ల కరెంటు వస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే అది ఎన్నో రెట్లవుతుంది. దాన్ని ఆపాల్సిన బ్రేకర్ కాంటాక్టులు విడిపోగానే కరెంటు ఆగుతుందనుకుంటాం. ఆగదు. మధ్యలో వేల డిగ్రీల వేడితో ఆర్క్ లేచి, దానిగుండా పారుతూనే ఉంటుంది. నిజానికి బ్రేకర్ కరెంటును కోయదు, అదను కోసం కాచుకుంటుంది. మన 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. సరిగ్గా అప్పుడే బ్రేకర్ వాయువును బలంగా ఊది, ఆర్క్ మళ్లీ అంటుకోకుండా చల్లారుస్తుంది.

టర్బైన్‌కు ఆవిరి ఆపేస్తే చాలదా? చాలదు, టన్నుల బరువున్న రోటర్ వెంటనే ఆగదు, దాని అయస్కాంత క్షేత్రమూ వెంటనే పోదు. అసలు చిక్కు వేరే ఉంది. జనరేటర్ దగ్గరి షార్ట్ సర్క్యూట్‌లో ఏసీకి డీసీ తోడై తరంగాన్నంతా ఒక పక్కకు జరిపేస్తుంది. ఒక్కోసారి కొన్ని సైకిళ్ల దాకా సున్నా రానే రాదు! చిత్రంగా, అప్పుడు ఆదుకునేది ఆ ఆర్కే: దాని రెసిస్టెన్స్ డీసీని త్వరగా తగ్గించి, సున్నాను రప్పిస్తుంది.