పేజ్లీ వీధుల పేర్లు - ఎవరి చరిత్ర?

వీధి పేర్లను మనం సాధారణంగా చిరునామా కోసమే చదువుతాం. సాహిత్య విద్యార్థి వాటిని చరిత్ర కోసం కూడా చదవాలని నా అభిప్రాయం. ఏ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు నిలిచింది అని ఆరా తీస్తే, ఆ ఊళ్లో సంపద సృష్టించిందెవరో, అనుభవించిందెవరో తెలుస్తుంది. స్కాట్లండులోని పేజ్లీ పట్టణం ఇందుకు మంచి ఉదాహరణ.

గ్లాస్గోకు పడమట కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు నేతగాళ్ల పట్నం. మొదటిసారి దాని పటం చూసినప్పుడు 'లాన్ స్ట్రీట్' అన్న పేరు చదివి, అక్కడేదో పచ్చిక బయలు ఉండేదనుకున్నాను. పొరబడ్డాను. ఇక్కడ లాన్ అంటే సన్నని నారబట్ట. ఆ చుట్టుపక్కలే గాజ్ స్ట్రీట్, సిల్క్ స్ట్రీట్, కాటన్ స్ట్రీట్ ఉన్నాయి. ఇంకిల్ స్ట్రీట్ పేరులోని ఇంకిల్, నారతో నేసే నాడా. 18వ శతాబ్దం చివర, పాత క్రైస్తవ మఠం దగ్గర కొత్తపేట వెలసినప్పుడు మగ్గం మీది సరుకే వీధులకు పేరయింది. ఆ నేల ఆబర్‌కార్న్ ప్రభువుది. ఆయన పేరునా ఒక వీధి ఉంది. పాత ఊళ్లో షటిల్ స్ట్రీట్ ఉంది. మన మాటలో నాడె వీధి.

దీన్ని చూసి శ్రమకు గౌరవం దక్కిందని పొంగిపోనక్కరలేదు. వీధికెక్కింది సరుకు పేరు. నేసినవాడి పేరు ఎక్కలేదు. 19వ శతాబ్దంలో కుట్టుదారం మిల్లులు పెరిగి క్లార్క్, కోట్స్ కుటుంబాలు కోట్లకు పడగలెత్తాయి. 1882లో తెరిచిన టౌన్‌హాలు జార్జ్ క్లార్క్ పేరిట కట్టింది. 1883 నాటి ఖగోళ పరిశీలనశాల కోట్స్ పేరిటే ఉంది. 1894 నాటి పెద్ద చర్చి థామస్ కోట్స్ స్మారకం. ఆ మిల్లుల్లో ఎక్కువమంది స్త్రీలే పనిచేశారు. ఈ మూడు కట్టడాల్లో ఒక్కదానికీ వాళ్ల పేరు లేదు.

అయితే ఆ ఊళ్లో శ్రామికులు పోరాడి నిలబెట్టుకున్న పేరు ఒకటుంది: 'స్మా షాట్'. శాలువాలోని రంగురంగుల పేకను పట్టి ఉంచే సన్నని దారమిది. నేతలో కలిసిపోయి కంటికి కనిపించదు. కనిపించని దారానికి డబ్బివ్వమన్నారు యజమానులు. అది లేకపోతే శాలువా నిలవదన్నారు నేతగాళ్లు. ఏళ్ల తరబడి పోరాడి 1856లో గెలిచారు. షటిల్ వీధి దగ్గర మిగిలిన నేతగాళ్ల ఇళ్లకు ఇప్పుడు ఆ దారం పేరే ఉంది. జూలై మొదటి శనివారం జరిగే పండుగా దాని పేరు మీదే.

ఇక ఆ ఊరి పేరు సంగతి. మన చీర అంచు మీది మామిడి పిందెను ఇవాళ బట్టల దుకాణాల్లో 'పేజ్లీ డిజైన్' అంటున్నారు. నిజానికి పేజ్లీ మగ్గాలు కాశ్మీరు శాలువాలకు నకళ్లు నేశాయి. మార్కెట్టు ఎవరి చేతిలో ఉంటే పేరు వారిదయింది. కాశ్మీరు నేతగాడు తన బూటా మీద ఊరి పేరు పోగొట్టుకున్నాడు. పేజ్లీ నేతగాడు ఊరి పేరు నిలిపి తన పేరు పోగొట్టుకున్నాడు. పేరు పోయినవాళ్లు ఇద్దరూ మగ్గం ముందు కూర్చున్నవాళ్లే.

కథలో ఒక వీధిని పేరుపెట్టి రాసే ముందు, ఆ పేరు వెనక కనిపించని దారం ఎవరిదో రచయిత విచారించాలి. మన పేటల పేర్లను కూడా ఈ దృష్టితో చదవడం మొదలుపెడదాం.