తమలపాకు తీగె పలికిన మోహనం

సంగీతం మనస్సుకు ఔషధమని పెద్దలు చెబుతూ వచ్చారు. ముప్పయి ఏళ్ళు వీణ నేర్పిన నేను కూడా ఆ మాట నా శిష్యురాళ్ళతో ఎన్నోసార్లు అన్నాను. తీరా ఆ ఔషధం నాకే అవసరమైనప్పుడు దాని జోలికి పోలేకపోయాను.

నిరుడు శ్రావణమాసంలో మావారు కాలధర్మం చెందారు. ఆ తరువాత వీణకు కప్పిన గుడ్డ తీయలేదు. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. తెల్లవారే దాకా గోడ గడియారం చప్పుడే తోడు. వైద్యులు నిద్రమాత్రలు వ్రాసి ఇచ్చారు. పెరటిలో మావారు ప్రాణప్రదంగా పెంచిన తమలపాకు తీగె కూడా వాడిపోయింది. పనిమనిషి ఎప్పుడైనా గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తే పోసినట్లు, లేకుంటే లేదు. మనవలకు రొంప పట్టినప్పుడల్లా ఆయన ఆ తీగె నుండే లేత ఆకు కోసి, ఆముదం రాసి, దీపం సెగకు వెచ్చచేసి వారి రొమ్ముపై వేసేవారు. ఆ ఆకుల వైపు చూడాలంటే నాకు కష్టంగా ఉండేది.

మొక్క పాడిన సాయంత్రం

సంక్రాంతి సెలవులకు మా పెద్దమ్మాయి కొడుకు బెంగుళూరు నుండి వచ్చాడు. వెంట అరచేతిలో ఇమిడే చిన్న పరికరం తెచ్చాడు. దాని రెండు తీగెలలో ఒకదానిని తమలపాకుకు అతికించి, రెండవదానిని కుండీలోని తడిమట్టిలో గుచ్చాడు. సెల్‌ఫోన్ నుండి సన్నని స్వరాలు వినిపించసాగాయి.

"అమ్మమ్మా, తాతయ్య మొక్క పాడుతోంది, విను" అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయి. ఆయన నీళ్ళు పోసి పెంచిన తీగె ఆయన మాటగా ఏదో చెబుతున్నదని ఆ క్షణంలో నమ్మాను. కొంతసేపు గడిచాక నా చెవి తన పని తాను మొదలుపెట్టింది. షడ్జమం, రిషభం, గాంధారం, పంచమం, ధైవతం. మధ్యమం లేదు, నిషాదం లేదు.

"ఏమిట్రా ఇది, అచ్చం మోహనంలా ఉందే! తమలపాకు తీగెకు మోహనం ఎవరు నేర్పారురా?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "స్వరాల వరుసను నేనే ఎంచి పెట్టాను అమ్మమ్మా. నీకు హాయిగా ఉంటుందని" అన్నాడు.

తడిబట్ట కూడా పాడింది

దాని కీలకం అడిగి తెలుసుకున్నాను. మొక్కలో నీరు, లవణాలు ఉంటాయి కనుక దాని గుండా అతి స్వల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంది. తేమ, వెలుతురు, వేడి, చేతి స్పర్శ వలన ఆ ప్రవాహం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. పరికరం ఆ హెచ్చుతగ్గులను గుర్తించి, ముందుగా మనిషి నిర్ణయించిన స్వరాలుగా మారుస్తుంది. మార్పు మొక్కది, రాగం మనిషిది. నా పరీక్ష కోసం ఆ తీగెలను ఒక తడిబట్టకు తగిలించమన్నాను. బట్ట కూడా మోహనమే పాడింది!

ఆ రాత్రి నాకు దుఃఖం మళ్ళీ కొత్తగా కలిగింది. అయితే మనవడిపై కోపం రాలేదు. అమ్మమ్మ వీణ ముట్టడం లేదని వాడు అంత దూరం నుండి బెంగపెట్టుకున్నాడని అర్థమైంది.

శాస్త్రజ్ఞులు కనుగొన్నది

మొక్కలకు స్పందన లేదని మాత్రం పాఠకులు భావించరాదు. జగదీశ్ చంద్ర బోస్ 1901లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మొక్కల విద్యుత్ స్పందనలను ప్రదర్శించి చూపారు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో టి.సి. సింగ్ 1950లలో మొక్కలకు వీణ, వయొలిన్ వంటి వాద్యాలు వినిపించి, అవి ఏపుగా పెరిగాయని ప్రకటించారు. సంగీతాన్ని మొక్క ఆస్వాదిస్తుందని దీనివలన నిరూపణ అయినట్లు నేటి శాస్త్రం అంగీకరించదు.

2014లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కకు, గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు కలిగే ప్రకంపనలను మాత్రమే అందించారు. ఆ తరువాత నిజంగా పురుగు పట్టినప్పుడు ఆ మొక్క రక్షణకు పనికివచ్చే ఘాటు రసాయనాలను ఎక్కువగా తయారుచేసుకొన్నది. గాలి వలన కలిగే ప్రకంపనలకు అలా స్పందించలేదు.

2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించిన ఫలితం నన్ను మరింత కదిలించింది. నీరందని టమాటా మొక్కలు గంటకు సుమారు 35 సార్లు, పొగాకు మొక్కలు సుమారు 11 సార్లు చిటుక్కుమనే శబ్దం చేస్తాయట. నీరు సమృద్ధిగా ఉన్న మొక్క గంటకు ఒక్కసారి కూడా చేయదు. ఆ శబ్దాల స్థాయి 40 నుండి 80 కిలోహెర్ట్‌జ్. మన చెవి 20కి మించి వినలేదు. కాండంలోని నీటి నాళాలలో గాలి బుడగలు ఏర్పడి పగలడమే దీనికి కారణం కావచ్చునని వారి అభిప్రాయం.

ఇది చదివి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. మా తీగె మోహనం పాడలేదు. కాని దాహంతో ఉన్నమాట నిజం. దానిని తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. వాడిన ఆకులను చూస్తే చాలు.

అనాది స్నేహం

మరునాడు ఉదయం తీగెకు నీళ్ళు పోశాను. తరువాత వీణ గుడ్డ తీశాను. అది బొబ్బిలి వీణ. ఒకే పనస మొద్దును తొలిచి చేసినది. దాని 24 మెట్లను నిలబెట్టినది తేనెటీగల మైనం. వేణువుకు వెదురు, మృదంగానికి పనస, తంబురాకు సొరబుర్ర. చెట్టుచేమలతో కలిసి సంగీతం చేయడం మనకు కొత్త విద్య కాదు. వానాకాలంలో కర్ర ఉబ్బి వీణ శ్రుతి మారినప్పుడల్లా నేను విసుక్కొనేదానను. అది కూడా ప్రకృతి కలిపే స్వరమేనని ఇప్పుడు తోస్తున్నది.

పరికరాన్ని మళ్ళీ పెట్టమన్నాను. ఈసారి నిజమెరిగి విన్నాను. ఆకుపై ఎండ పడినప్పుడు స్వరం మారేది. నీడ వచ్చినప్పుడు మరొక విధంగా మారేది. ఎప్పుడు మారుతుందో తెలియదు కనుక వేచి ఉండవలసి వచ్చేది. ఆ విరామాలలో నేను ఒక్కొక్క స్వరం మీటాను. ఐదారు నెలలుగా మెత్తబడిన వేళ్ళు మంట పుట్టాయి. అయినా అరగంట వాయించాను.

పాఠకులకు మనవి

నిద్ర ఒక్కరోజులో తిరిగి రాలేదు. వేకువనే పెరటిలో నీళ్ళు పోయడం, అరగంట వీణ సాధన, రాత్రి పెందలాడే తేలికైన భోజనం, పడుకోబోయే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దనా నియమంగా పాటించాను. అభ్యంగనంలో తలకు, చెవులకు, పాదాలకు ప్రాధాన్యమివ్వమని ఆయుర్వేదం చెబుతుంది. సుమారు రెండు నెలలకు నిద్ర కుదుటపడింది. మాత్రలను వైద్యుల సలహాపై క్రమంగా తగ్గించుకొన్నాను. ఎవరూ వాటిని తమంతట తాము హఠాత్తుగా మానరాదు. నూనె రాసుకొన్న పాదాలతో నేలపై నడిచి జారిపడకుండా వృద్ధులు తప్పక జాగ్రత్త వహించాలి.

పరికరం కొనవలసిన అవసరం లేదు. మీ ఇంట ఏ మొక్క ఉన్నా దాని ప్రక్కన రోజుకు పది నిమిషాలు కూర్చోండి. వచ్చినవారు వాయించండి, రానివారు కూనిరాగం తీయండి. మొక్క వింటుందో లేదో తరువాతి సంగతి. ముందుగా దాని మట్టి తడిగా ఉందో లేదో చూడండి.

మనవడు వెళ్ళిపోయాడు. పరికరం వాడితోనే వెళ్ళింది. తీగె మాత్రం మళ్ళీ పందిరి ఎక్కింది.