ఎన్ని గుమ్మముల చెంత చెప్పవలెను?

నడిగడ్డలో ఒకానొక కార్యాలయపు వరండాలో, ఎండ నిట్టనిలువుగా కాయుచున్న ఒక మధ్యాహ్నమున, గోడకు చేరగిలబడి కూర్చుండిన యొక యువతి ఒడిలో, ఎరువుల దుకాణమువా రిచ్చిన పాలిథిన్ సంచి యొకటి యుండెను. మూల కత్తిరించి రద్దు ముద్ర వేసిన పాస్‌పోర్టు, అరబ్బీ లిపిలో అచ్చయిన మరణ పత్రము, విమానపు సరుకుల రసీదు, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, ఇవన్నియు ఆ సంచిలో నున్నవి. ఆమె వాటి నొక్కొక్కటిగా తీసి గుమాస్తా బల్లపై పరచినది. ఆయన అరబ్బీ కాగితమును తిరగవేసి మరగవేసి చూచి, "ఇది నడవదమ్మా, పంచాయతీ సర్టిఫికెట్ తీసుకరా" అనినాడు. పంచాయతీవారు అప్పటికే "మన ఊర్ల జరగలే గదా, మేమెట్లిస్తం?" అని పంపివేసి యుండిరి. ఆమె కాగితములను మరల సంచిలో పెట్టుకొనుచు, గొంతు పెంచక, అడిగిన మాట యిది: "నా మొగుడు సచ్చిపోయిండని ఇంకెన్ని ఆఫీసులల్ల జెప్పాల సారూ?"

గుమాస్తా బదులు చెప్పలేదు. ఆయన కఠినుడు కాడు; ఆయనకు తెలియదు, అంతే. ఆనాడు నాకును తెలియలేదు. ఆ ప్రశ్న నన్ను పలుదినములు వెంటాడినది కనుక, దానికి బదులు వెదకుటయే ఈ కథనమునకు కారణము.

కృష్ణా తుంగభద్రల నడుమ చిక్కియున్న ఈ సీమలో, రెండు మహానదుల పేర్లు వినుచు పెరిగియు వాన మబ్బుకే మొగమెత్తి చూచు పల్లెలకు అయిజ అంగడి, జాతర, బస్సు అన్నియు నయిన ఊరు. రాజోలిబండ కాలువ తెలంగాణ పక్షమున 87,500 ఎకరములు తడుపవలసినదే యైనను, చివరి భూములకు నీరు చాలినంతగా ఎన్నడును చేరలేదు గనుక, తిక్క వీరేశ్వరస్వామి జాతరకు తిరిగి వచ్చి, మరల మూటగట్టుకొని పోవుట ఇచ్చటి కూలి కుటుంబములకు వంశపారంపర్యమైనది. గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టలు కట్టుటకు పోయిన పాలమూరు కూలీ, పరరాష్ట్రములో కన్ను మూసినచో, లారీలో దేహము వచ్చెడిది, సర్పంచికి కబురు పోయెడిది, కార్యము ముగిసెడిది. దేశపు ఎల్ల దాటినవాని మరణము అట్టిది కాదు. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములందు గల్ఫు వలస దట్టముగా నుండుటచే, ఏ కాగితము ఎచ్చట నీయవలెనో తెలిసిన పెద్దమనిషి ప్రతి ఊరను నొక డుండును. నడిగడ్డలో అట్టివారు అరుదు. అందుచేతనే ఇచ్చటి విధవ మరింత ఒంటరిది.

మరణమునకును ఒక ఊరు కలదని మన చట్టము భావించును. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము, ఏ తావున ప్రాణము పోయినదో ఆ తావు రిజిస్ట్రారే దానిని వ్రాసికొనవలెను. కనుక దమ్మాములోనో కువైటులోనో పోయిన ప్రాణమును అయిజ పురపాలక సంఘము గాని, చుట్టుపట్ల గ్రామ పంచాయతీ గాని నమోదు చేయజాలదు. "మేమెట్లిస్తం" అనిన పంచాయతీవారి మాట చట్టరీత్యా సత్యమే. అయితే అదే చట్టపు 20వ నిబంధన, విదేశములో మరణించిన భారత పౌరుని సంగతిని అచ్చటి మన రాయబార కార్యాలయమున నమోదు చేయుటకు త్రోవ చూపినది. 1955 నాటి పౌరసత్వ చట్టము క్రింద ఏర్పడిన నియమములు ఆ నమోదును నడపును. స్థానిక ప్రభుత్వపు మరణ పత్రమును, పాస్‌పోర్టును చూపినయెడల, మన రాయబారులు ఇంగ్లీషులో నొక మరణ ధ్రువపత్రము నిత్తురు. నడిగడ్డ వరండాలో ఆ గుమాస్తా అడుగవలసినదియు, ఆ యువతి సంచిలో లేనిదియు నయిన కాగితము అదియే. దేహమును పంపుటకు మాత్రమే రాయబార కార్యాలయమున కేగు తోటి పనివారు, నమోదు పత్రము సంగతి మరచి వచ్చుట తరచు జరుగుచున్నది. ఆ మరపునకు మూల్యము చెల్లించునది ఇచ్చటి ఇల్లాలు.

ఆమె చేయు తొలి సంతకమును గూర్చి ఒక మాట చెప్పవలెను. దేహమును స్వదేశమునకు తెప్పించుటయా, అచ్చటనే ఖననము చేయించుటయా అను నిర్ణయమును వ్రాతపూర్వకముగా తెలుపుమనియు, తన తరఫున అచ్చట పనులు చక్కబెట్టుటకు ఒకరికి అధికార పత్రము వ్రాసి యిమ్మనియు ఆమెను కోరుదురు. భర్త ఎట్లు పోయినాడో సరిగా తెలియకముందే, ఏడుపు ఆగకముందే, నోటరీ బల్ల ముందర ఆమె వ్రేలిముద్ర వేయవలసి వచ్చును. ఆ పత్రములో ఏమి వ్రాసినారో తెలుగులో చదివి వినిపించుమని అడుగుటకు ఆమెకు హక్కు కలదు. దేహమును పంపించు అధికారమునకును, యజమాని బాకీలను, నష్టపరిహారమును స్వీకరించు అధికారమునకును గల భేదమును ఎవరైన ఒకరు ఆమె చెవిని వేయవలెను.

పేరు సంగతి మరింత జటిలమైనది. అరబ్బీ లిపిలో 'ప'కారము లేదు, 'చ'కారము లేదు. మన పుల్లయ్య అచ్చటి వ్రాతలో బుల్లయ్య యగును. పాపన్న బాబన్న యగును. చంద్రయ్య షంద్రయ్య యగుట కూడ వింత కాదు. ఆ వ్రాతను మరల ఇంగ్లీషు చేసిన అనువాదకుడు పాస్‌పోర్టు చూడక, చెవికి తోచినట్లు వ్రాసినచో, మరణ పత్రములో మృతుడైనవాడు ఒకడు, ఆధార్‌లో బ్రతికియున్నవాడు వేరొక డగుచున్నాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందును, రేషను కార్డులో అసలు లేకయు, భూమి పుస్తకములో తండ్రి పేరుతో కలిసియు నుండుట మన పల్లెలలో సామాన్యమే. అందుచేత రాయబార కార్యాలయపు పత్రము చేతికి రాకముందే, దాని నకలును ఫోనులో తెప్పించుకొని, అక్షరము అక్షరము పాస్‌పోర్టుతో సరిచూచుకొనవలెను. తప్పు దొర్లినచో దిద్దుబాటు పత్రమిచ్చినచోటనే జరుగవలెను. అది సముద్రము దాటి వచ్చిన పిమ్మట అయిజలో ఎవరును దిద్దజాలరు.

మరణ కారణమును గూర్చిన పంక్తి కూడ అట్టిదే. ఎమిగ్రేషను అనుమతి పొంది పోయిన కార్మికునకు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా కలదు. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే దాని రుసుము. అయితే అది ప్రమాదవశమున కలిగిన మరణమునకును, శాశ్వత వైకల్యమునకును వర్తించును. యాభై డిగ్రీల యెండలో కట్టడముపై పనిచేసి రాత్రి నిద్రలోనే పోయినవాని పత్రములో 'గుండె ఆగుట, సహజ మరణము' అను రెండు మాటలు పడినచో, ఆ పది లక్షల తలుపు మూసికొనును. ఆ రెండు మాటలు వ్రాయుటకు ముందు ఆ యెండను ఎవరును తూచరు. ఇది అన్యాయమని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

రాష్ట్ర ప్రభుత్వపు సాయమునకు ఈ భేదము లేకుండుట మేలైనది. 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫు దేశములలో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయ లిచ్చుటకు 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు వెలువడినవి. దరఖాస్తు జిల్లా కలెక్టరున కీయవలెను. అయిజవారికి ఆ కార్యాలయము గద్వాలలో కలదు. యజమాని చెల్లించిన బాకీలును, పరిహారమును సైతము రాయబారులు తరచుగా కలెక్టరు ద్వారానే వారసులకు చేర్చుదురు. దేహము రవాణాకు డబ్బు లేని పక్షమున, 2009లో స్థాపించిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుండి సాయము కోరవచ్చును. పనులు నిలిచిపోయినచో విదేశాంగ శాఖవారి 'మదద్' అను ఫిర్యాదుల ద్వారము 2015నుండి తెరచియున్నది. దానిలో వ్రాసిన మొరకు సంఖ్య ఇత్తురు, ఆ సంఖ్యను భద్రపరచవలెను.

ఇక స్వగ్రామములో. పట్టా భూమి యున్నచో ఫౌతి విరాసత్, అనగా మృతుని భూమిని వారసుల పేర మార్పించుట, చేయించవలెను. భూరికార్డులకు ధరణి పోయి 2025 ఏప్రిలులో భూభారతి వచ్చినను, తహసీల్దారు విచారణయు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రమును తప్పవు. వితంతు పింఛను 2019నుండి నెలకు 2016 రూపాయలు. దానికి మరణ పత్రము కావలెను. రేషను కార్డులో పేరు తీసివేత, ఓటర్ల జాబితాకు 7వ నమూనా దరఖాస్తు, ఆధార్ సంస్థకు కబురు, పాన్ కార్డున్నచో ఆదాయపు పన్ను శాఖకు ఉత్తరము, బ్యాంకులో నామినీ లేనియెడల 1925 నాటి వారసత్వ చట్టము క్రింద న్యాయస్థానపు పత్రము. ఒక్కొక్క చోట ఒక్కొక్క నకలు, ఒక్కొక్క గెజిటెడ్ సంతకము. ప్రతి చోటను ఆమె మొదటినుండి చెప్పవలెను, ఏ దేశము, ఏ తేది, ఎట్లు.

సముద్రమునకు ఆవలి తీరమున చదువుకొన్న వారి గతియు ఇంతకన్న సులభము కాదు. వనపర్తినుండియు నాగర్‌కర్నూలునుండియు అమెరికాకు పోయిన ఇంజనీర్ల భార్యలలో పలువురు భర్త వీసాపై ఆధారపడిన వీసాతో నుందురు. ఆయన మరణముతో ఆ ఆధారమును పోవును. అచ్చట అంత్యక్రియల నిర్వాహకుడే సోషల్ సెక్యూరిటీ శాఖకు మరణవార్త తెలుపుట ఆచారముగా నుండుట కొంత ఊరట. అయినను భారత పాస్‌పోర్టు రద్దుకు మన కాన్సులేటును, ఇచ్చటి బ్యాంకులను, భూమిని ఆమెయే చూచుకొనవలెను. అచ్చటి మరణ పత్రపు అధికారిక ప్రతులు పది ఒకేమారు తీసికొని, కొన్నింటికి, పత్రము పరదేశములలో చెల్లుటకు వేయు అపొస్టిల్ ముద్ర వేయించుకొని వచ్చుట వివేకము; మన దేశము ఆ ముద్రను గుర్తించు ఒడంబడికలో 2005నుండి కలదు. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియాలు కూడ తరువాత చేరినవి.

బ్రిటనులో 'ఒక్కసారి చెప్పుడు' అని అర్థమిచ్చు పేరుతో ఒక ప్రభుత్వ సేవ యున్నది. దేశములో మరణము నమోదైనపుడు కుటుంబము ఒకే తావున వార్త చెప్పినచో, పింఛను, పన్ను, పాస్‌పోర్టు, వాహన శాఖలకు ఆ వార్త తనంతట తానే పోవును. నడిగడ్డ యువతి అడిగిన ప్రశ్నకు ఆ దేశము దొరకించుకొన్న బదులు అది. మన తహసీలు కార్యాలయమునందును, మీసేవ కేంద్రమునందును కంప్యూటర్లు కలవు. రేషను, పింఛను, భూమి, ఆధార్ వివరము లన్నియు వానిలోనే కలవు. రాయబార కార్యాలయపు మరణ పత్రము ఒకటి తహసీల్దారు చేతికి వచ్చిననాడు, దానినే శాఖ లన్నింటికి పంపు బాధ్యతను ఒక్క ఉద్యోగికి అప్పగించుటకు గద్వాల కలెక్టరుగారికి కొత్త చట్టము అక్కరలేదు. ఒక ఆజ్ఞాపత్రము చాలును. దానిని వారు వెంటనే వ్రాయవలెనని ఈ పత్రికాముఖమున ప్రార్థించుచున్నాను.

ఆ యువతికి రాయబార కార్యాలయపు పత్రము తరువాత తెప్పించవలసి వచ్చినది. కావలసిన నకలు ఒకటి ఇంట లేకుండుటచే కొన్ని వారములు పోయినవి. చదువరులారా, మీ ఇంటినుండి ఎవరైనను సముద్రము దాటి యున్నచో, వారి పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రము, యజమాని చిరునామా, అచ్చటి ఒక స్నేహితుని ఫోను నంబరు, వీని నకళ్లను ఈ ఆదివారమే ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఎచ్చట నున్నదో ఇంటి ఇల్లాలికి చూపుడు.